సోలెంట్ జలసంధిలో రాత్రి తెరచాప శిక్షణ: ఒక సమీక్ష

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, సౌతాంప్టన్‌కూ వైట్ ద్వీపానికీ నడుమ ఉన్న సోలెంట్ జలసంధిలో తెరచాప పడవ నడపడం నేర్పే సంస్థలు చాలా ఉన్నాయి. వాటిలో ఎన్నో హాంబుల్ నది ఒడ్డునే పడవలు కట్టుకొని పనిచేస్తుంటాయి. అలాంటి ఒక సంస్థ వారాంతాల్లో నడిపే రాత్రి నౌకాయానం కోర్సులో చేరి, అక్కడ నేర్చుకున్నదాని మీద ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు. మెచ్చుకోదగినవి ఎన్ని ఉన్నా ఫిర్యాదులూ కొన్ని ఉన్నాయి. పైగా ఇక్కడి కోర్సులు చాలావరకు ఒకే మూసలో సాగుతాయి కనుక, ఏ సంస్థలో డబ్బు కట్టబోయేవారికైనా ఇందులోని సంగతులు పనికివస్తాయి. తీర్పు ముందే చెప్పేస్తాను: నీటి మీద గడిపిన గంటలు చెల్లించిన రుసుముకు పూర్తి న్యాయం చేశాయి, గదిలో కూర్చోబెట్టి చెప్పిన దీపాల పాఠం మాత్రం పరీక్షకు పనికివచ్చేదే గాని పడవకు పనికివచ్చేది కాదు.

బ్రిటన్‌లో ఈ శిక్షణకు ప్రమాణాలు నిర్ణయించేది రాయల్ యాటింగ్ అసోసియేషన్. పడవ సారథ్యంలో తొలి మెట్టయిన డే స్కిప్పర్ ప్రాక్టికల్ కోర్సుకు వచ్చేవారు అప్పటికే 5 రోజులు, 100 మైళ్ళు, 4 రాత్రి గంటలు సముద్రం మీద గడిపి ఉండాలని ఆ సంస్థ అడుగుతుంది. అంతకు పైమెట్టయిన యాట్‌మాస్టర్ కోస్టల్ పరీక్షకైతే 12 రాత్రి గంటలు కావాలి. అందుచేత లాగ్‌బుక్కులో గంటలు రాయించుకొని శిక్షకుడి సంతకం పెట్టించుకుంటే చాలుననుకొనేవారు ఈ కోర్సుకు ఎక్కువగా వస్తారు. చీకట్లో ఒక పడవను క్షేమంగా రేవుకు చేర్చగలగాలన్న కోరికతో వచ్చేవారు తక్కువ. సంస్థ ప్రకటన మొదటి రకం వారిని ఉద్దేశించినట్లే ఉంటుంది. మా పడవ శిక్షకులు మాత్రం రెండో రకం వారి కోసమే పనిచేశారు.

మొదట గది పాఠం. సముద్రంలో నౌకలు ఒకదానినొకటి ఢీకొనకుండా పాటించవలసిన అంతర్జాతీయ నియమావళి 1972లో కుదిరి, 1977 జులై 15 నుంచి అమలులోకి వచ్చింది. అందులో 20వ నియమం మొదలుకొని 31వ నియమం దాకా ఉన్న భాగమంతా దీపాల గురించీ, పగటి వేళ ఎగురవేసే ఆకారాల గురించీ చెబుతుంది. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా దీపాలు వెలగాలి. మసకగా ఉంటే పగలు కూడా వెలగాలి. నౌకకు ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ. ఒక్కొక్కటి సరిగ్గా ముందు నుంచి మొదలై 112.5 డిగ్రీల మేర కనబడుతుంది. వెనుకవైపు తెల్ల దీపానిది మిగిలిన 135 డిగ్రీలు. యంత్రంతో నడిచే నౌకకు వీటితో పాటు మాస్ట్ (నిలువు స్తంభం) మీద ముందువైపు 225 డిగ్రీల మేర కనబడే తెల్ల దీపం ఉంటుంది. 50 మీటర్లు, అంతకు మించిన పొడవున్న నౌకకైతే దాని వెనుక, దానికన్నా ఎత్తున మరొకటి తప్పనిసరి. నీటిలో వల ఈడ్చుకుంటూ చేపల వేటలో ఉన్న ట్రాలర్‌కు ఆకుపచ్చ కింద తెలుపు, ట్రాల్ వల కాక వేరే పద్ధతిలో వేటాడే పడవకు ఎరుపు కింద తెలుపు, ఓడలకు రేవు దారి చూపే పైలట్ల పడవకు తెలుపు కింద ఎరుపు, అదుపు తప్పిన నౌకకు ఒకదాని కింద ఒకటిగా రెండు ఎరుపులు — ఇలా జాబితా సాగుతుంది.

ఈ జాబితానంతా ఒక్క సాయంత్రంలో నల్లటి స్లయిడ్ల మీద రంగు చుక్కలుగా చూపించి, ఒక్కొక్కటి ఏమిటో చెప్పించారు. పది నిమిషాల తర్వాత అందరమూ గడగడా అప్పగించగలిగాము. లోపం అక్కడే ఉంది. స్లయిడ్ మీద ట్రాలర్ దీపాలు ఎప్పుడూ ఒకే పరిమాణంలో, నిటారుగా, నల్లటి నేపథ్యంలో ఒంటరిగా ఉంటాయి. నీటి మీద అవి అలలకు ఊగుతూ, సగం సేపు మరొకదాని వెనుక దాక్కుంటూ, వేట కోసం వెలిగించిన పెద్ద పనిదీపాల వెలుతురులో కలిసిపోయి ఉంటాయి. అంతకన్నా ముఖ్యమైన మాట గదిలో ఎవరూ చెప్పలేదు: దీపం ఎదుటి నౌక ఎటు తిరిగి ఉందో చెబుతుంది గాని ఎంత దూరాన ఉందో చెప్పదు. దగ్గరగా ఉన్న చిన్న పడవ మసక దీపం, దూరాన ఉన్న పెద్ద ఓడ గట్టి దీపం కంటికి ఒకేలా ఆనుతాయి. నియమావళి ప్రకారం 12 మీటర్ల లోపు పడవ పక్క దీపాలు 1 మైలు (ఇక్కడ మైళ్ళన్నీ నాటికల్ మైళ్ళే) దూరం కనబడితే చాలు. 50 మీటర్లు, అంతకు మించిన నౌక మాస్ట్ దీపాలు 6 మైళ్ళు, పక్క దీపాలు 3 మైళ్ళు కనబడాలి. అంటే పెద్ద ఓడను మనం చాలా ముందుగా, మొదట రెండు తెల్ల చుక్కలుగా చూస్తాము. దాని ఎరుపో ఆకుపచ్చో కనబడేసరికి మధ్య దూరం సగానికి తగ్గిపోయి ఉంటుంది. మన పడవ పక్క దీపాలు మాత్రం ఆ ఓడ మీది మనిషికి ఒక మైలు దూరానికి వచ్చాక గాని కనబడతాయన్న హామీ లేదు. గంటకు 20 నాటికల్ మైళ్ళ వేగంతో వచ్చే ఓడ ఆ ఒక్క మైలును 3 నిమిషాల్లో దాటుతుంది. ఈ చిన్న లెక్కను బోర్డు మీద వేసి చూపించి ఉంటే, మిగతా పాఠమంతా ఎందుకు నేర్చుకోవాలో అదే చెప్పేది.

మరునాటి సంధ్యవేళ పడవ దగ్గర మొదలైన పాఠం దీనికి పూర్తిగా భిన్నంగా నడిచింది. పడవ ఇంకా పాంటూన్‌కు (నీటి మీద తేలే చెక్కల వేదికకు) కట్టి ఉండగానే శిక్షకులు దీపాలన్నీ వెలిగించి, మమ్మల్ని కిందికి దింపి, దాని చుట్టూ నడవగలిగినంత మేర నెమ్మదిగా నడవమన్నారు. ముక్కుకు ఎదురుగా నిలబడితే ఎరుపు, ఆకుపచ్చ రెండూ కనబడతాయి. అక్కడి నుంచి పడవ ఎడమవైపుకు ఒక అడుగు వేసేసరికి ఆకుపచ్చ మాయమవుతుంది. అక్కడి నుంచి పక్కగా నడిచిపోతూ ఉంటే పడవ నడుము దాటాక కూడా ఎరుపు వదలదు. ఇంకొంత వెనక్కి జరిగాక, దాదాపు ఒకే అడుగులో, ఎరుపు ఆరిపోయి వెనుక తెల్ల దీపం కంట్లో పడుతుంది. ఆ చోట నిలబడి ముందుకు, వెనక్కు ఊగితే రంగు మారుతూ ఉంటుంది. పడవ నడుముకు 22.5 డిగ్రీలు వెనుక అన్న మాట కాగితం మీద ఎన్నిసార్లు చదివినా ఎక్కదు. చెక్కల మీద ఆ ఒక్క అడుగు వేసినవారికి ఇక మరపునకు రాదు. ఎదుటి పడవను దాటిపోవడమంటే ఏమిటి, అడ్డంగా వెళ్ళడమంటే ఏమిటి అన్న చట్టపరమైన తేడా అంతా ఆ అడుగులోనే ఉంది: తెల్ల దీపం మాత్రమే కనబడే వైపు నుంచి వెళ్ళేవారు దాటిపోయేవారు, తప్పుకోవలసిన బాధ్యత వారిదే.

ఆ తర్వాత స్విచ్చుల పలక దగ్గరికి తీసుకువెళ్ళారు. ఇలాంటి పడవల్లో పక్క దీపాలకు రెండు ఏర్పాట్లు ఉంటాయి. ఒకటి ముక్కు దగ్గర, పడవ వెనుక, డెక్ ఎత్తున ఉండే మామూలు దీపాలు. రెండోది మాస్ట్ చివర మూడు రంగులూ ఒకే బుడ్డిలో ఉండే దీపం. 20 మీటర్ల లోపు తెరచాప పడవలకు మాత్రమే దీనికి అనుమతి. ఒకే బల్బు కనుక బ్యాటరీ ఆదా అవుతుంది, ఎత్తున ఉంటుంది కనుక అలల్లో దూరానికి కనబడుతుంది. కాని ఇంజిన్ వేసిన క్షణం నుంచి అది తెరచాప పడవ కాదు, తెరచాప విప్పి ఉన్నా సరే యంత్రపు నౌకే. అప్పుడు మాస్ట్ మధ్యలోని తెల్ల దీపం వెలగాలి, అది పక్క దీపాలకన్నా పైన ఉండాలి. పైన మూడు రంగుల దీపం, దాని కింద తెల్ల దీపం వెలిగించుకొని ఇంజిన్ మీద పోతుంటే, ఎదుటివారికి అది ఏ నౌకో అర్థం కాని చుక్కల కూర్పు. శిక్షకులు ఒక్కొక్కరినీ పలక ముందు నిలబెట్టి, “తెరచాప”, “ఇంజిన్”, “లంగరు”, “రెండూ” అంటూ పిలిచి, ఏ స్విచ్చు వేయాలో, ఏది తీయాలో చేయించారు. పలక మీద అక్షరాలు అరిగిపోయి ఉన్నందున చీకట్లో వేళ్ళతో లెక్కపెట్టుకొని వేయవలసి వచ్చింది. ఆ అరిగిన అక్షరాలను సంస్థ ఎప్పుడు మారుస్తుందో గాని, అభ్యాసానికి అది మేలే చేసింది.

హాంబుల్ నది దాటి రేవుకు దారితీసే సౌతాంప్టన్ వాటర్ అనే సముద్రపు పాయలోకి రాగానే పడమటి గట్టున ఫాలీ చమురు శుద్ధి కర్మాగారం కనబడుతుంది. బ్రిటన్‌లో అతి పెద్దదైన ఆ కర్మాగారం దీపాల కాంతి నీటి మీద మైళ్ళ కొద్దీ పరుచుకొని ఉంటుంది. నీటిలో తేలుతూ దారి చూపే బోయ్‌ల దీపాలు ఆ వెలుతురులో కలిసిపోతాయి. ఎరుపు ఎక్కడుందో వెతకమంటే మా కళ్ళు చిమ్నీల మీది ఎర్ర దీపాల వైపే పోయేవి. ఇక్కడ నేర్పిన పద్ధతి చక్కనిది: దీపాన్ని వెతకవద్దు, ముందు పటం మీద అది ఏ దిక్కున ఉండాలో లెక్కకట్టి, దిక్సూచి పట్టుకొని ఆ దిక్కుకు తిరిగి, అక్కడ మాత్రమే చూడండి, కనబడిన తర్వాత స్టాప్‌వాచ్ నొక్కి మినుకులు లెక్కపెట్టండి. ఆగి ఆగి వెలిగే దీపానికి ఒక్కోదానికి ఒక్కో లయ ఉంటుంది, అది పటం మీద రాసి ఉంటుంది. ప్రమాదానికి ఏ దిక్కున లోతు నీరుందో చెప్పే కార్డినల్ గుర్తుల లయ గడియారం మీద అంకెల వరుసే: తూర్పుకు మూడు మినుకులు, దక్షిణానికి ఆరు మినుకులూ ఒక పొడవాటి వెలుగూ, పడమటికి తొమ్మిది, ఉత్తరానిది ఆగకుండా మినుకుతూనే ఉంటుంది. పడమటి కార్డినల్ గుర్తయిన వెస్ట్ బ్రాంబుల్ బోయ్ వేగంగా తొమ్మిది సార్లు మినుకుతుంది. నాతో వచ్చిన ఒకాయన దానిని ఎనిమిదని ఒకసారి, పదని ఒకసారి లెక్కపెట్టారు. శిక్షకులు సరిదిద్దలేదు. ఎనిమిది మినుకుల గుర్తు ఏదీ లేదు కదా, మరి అది ఏమై ఉండాలి అని తిరిగి అడిగి ఊరుకున్నారు.

కళ్ళ గురించి చెప్పినది అంతా ఆచరణలోనే చెప్పారు. చీకటికి చూపు పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్క ఫోన్ తెర వెలిగితే ఆ అలవాటు క్షణంలో పోతుంది. అందుచేత ఫోన్లన్నీ కింద గదిలో పెట్టించారు. మసక దీపాన్ని సూటిగా చూస్తే మాయమై, కాస్త పక్కకు చూస్తే తిరిగి కనబడుతుందన్న సంగతి అందరికీ అక్కడే తెలిసింది. రాత్రి చూపును కాపాడడానికి ఎర్ర టార్చీ వాడతారు. అయితే బ్రిటిష్ అడ్మిరల్టీ పటాల మీద దీపాల గుర్తులు మెజెంటా రంగులో అచ్చయి ఉంటాయి. ఎర్ర వెలుతురులో ఆ రంగు కాగితంలో కలిసిపోయి, రాత్రి అన్నిటికన్నా అవసరమైన గుర్తులే కనబడకుండా పోతాయి. ఈ సంగతి చెప్పకుండానే శిక్షకులు ముందు ఎర్ర టార్చీ ఇచ్చి పటం చదవమన్నారు. తర్వాత చాలా సన్నని తెల్ల వెలుతురు ఇచ్చి తేడా చూడమన్నారు. దుకాణాల్లో ఎర్ర టార్చీని తప్పనిసరి వస్తువుగా అమ్ముతున్న ఈ రోజుల్లో ఆ ఒక్క అభ్యాసం కొనుగోలుదారుల డబ్బు కొంత మిగులుస్తుంది.

సోలెంట్‌లో రాత్రి పాఠం అసలు బరువు పెద్ద ఓడల దగ్గర తెలుస్తుంది. సౌతాంప్టన్ రేవుకు వచ్చే కంటైనర్ ఓడలు, కార్ల ఓడలు, విహార నౌకలు అన్నీ జలసంధి మధ్యలో ఉన్న బ్రాంబుల్ ఇసుకమేట పక్కన వెస్ట్ బ్రాంబుల్ బోయ్ దగ్గర, సౌతాంప్టన్ వాటర్ ముఖద్వారంలోని కాల్షాట్ దగ్గర పదునైన మలుపులు తిరగాలి. 150 మీటర్లు దాటిన ఓడ ఆ ప్రాంతంలో ఉన్నప్పుడు దాని ముందు 1000 మీటర్లు, రెండు పక్కలా 100 మీటర్ల చొప్పున చిన్న పడవలకు నిషిద్ధ మండలం ఉంటుంది. ఆ మండలం ఓడతో పాటే కదులుతుంది. 2015 జనవరి 3 రాత్రి హోయెగ్ ఒసాకా అనే కార్ల ఓడ ఈ మలుపులోనే విపరీతంగా ఒరిగి బ్రాంబుల్ మేట మీదికి ఎక్కింది. మలుపులో ఉన్న ఓడ చిన్న పడవ కోసం దారి మార్చుకోలేదన్నది ఆ చోటు చూస్తే తేలికగా అర్థమవుతుంది. పైగా పెద్ద ఓడను నడిపే గదిలోని (బ్రిడ్జి మీది) మనిషికి ముక్కు ముందర నీరు కొంత మేర కనబడనే కనబడదు. ఆ మరుగు ఓడ పొడవుకు రెండింతలు లేదా 500 మీటర్లు, వీటిలో ఏది తక్కువైతే దానికి మించరాదని అంతర్జాతీయ నిబంధన.

మేము కాల్షాట్ వైపు వెళుతుండగా దక్షిణం నుంచి ఒక ఓడ వచ్చింది. మొదట రెండు తెల్ల దీపాలే. ముందుది తక్కువ ఎత్తున, వెనుకది ఎక్కువ ఎత్తున; వాటి మధ్య ఎడం చాలా ఉంది కనుక అది మా దారికి అడ్డంగా పోతోందని తెలిసింది. కొద్దిసేపటికి ఆ ఎడం తగ్గడం మొదలైంది. రెండు దీపాలూ నెమ్మదిగా ఒకదాని కిందికి మరొకటి చేరాయి, కింద ఎరుపు, ఆకుపచ్చ రెండూ విడివిడిగా కనబడ్డాయి. ఓడ మలుపు తిరిగి మా వైపుకు ముక్కు పెట్టిందన్నమాట. శిక్షకులు ఒక్క మాట కూడా మాట్లాడకుండా, చుక్కాని పట్టుకున్న అమ్మాయి ఏం చేస్తుందోనని చూస్తున్నారు. ఆమె కాలువ అంచు బోయ్‌ల అవతలికి, పెద్ద ఓడ రాలేని తక్కువ లోతు నీటిలోకి పడవను మళ్ళించింది. తర్వాత ఆ తెల్ల దీపాలు తిరిగి విడిపోయి, ఎరుపు ఒక్కటే మిగిలి, ఓడ మా పక్కనుంచి పోయింది. సౌతాంప్టన్ నౌకా నియంత్రణ కేంద్రం వీహెచ్ఎఫ్ రేడియో 12వ చానల్‌లో ఆ ఓడ కదలికలను అంతకు ముందే చెప్పి ఉంది. రేడియోలో విన్న పేరును నీటి మీది చుక్కలతో జత చేయడం కూడా పాఠంలో భాగమే.

ఢీకొనే ప్రమాదం ఉందో లేదో తేల్చడానికి చేతి దిక్సూచితో ఎదుటి దీపం దిక్కును కొద్ది నిమిషాల తేడాతో మళ్ళీ మళ్ళీ చూడడం మరో ముఖ్యమైన అభ్యాసం. దూరం తగ్గుతూ దిక్కు మారకపోతే ఢీకొంటాము. పెద్ద నౌకల దగ్గర, దగ్గరి దూరాల్లో, దిక్కు మారుతున్నా ప్రమాదం ఉండవచ్చునని నియమావళి 7వ నియమం హెచ్చరిస్తుంది. ఆ రెండో సగాన్ని కూడా శిక్షకులు వదలలేదు. తెరచాప పడవల మధ్య నియమంలోనూ చీకటికి సంబంధించిన ఒక మెలిక ఉంది. ఎడమవైపు నుంచి గాలి పట్టి నడుస్తున్న పడవకు, తనకన్నా గాలి వచ్చే వైపున మరో తెరచాప పడవ కనబడి, అది ఏ వైపు గాలి పట్టిందో తేల్చుకోలేకపోతే, తానే తప్పుకోవాలి. పగలైతే తెరచాపను చూసి చెప్పవచ్చు. రాత్రి ఒక్క రంగు దీపమే ఆధారం. నౌకలు తమ పేరు, చోటు, వేగం రేడియో ద్వారా తెలుపుకొనే ఏఐఎస్ తెరను మాత్రం చివరిదాకా ఆర్పి ఉంచారు. చిన్న పడవలన్నీ ఏఐఎస్ పెట్టుకోవాలన్న నిర్బంధం లేదు కనుక, తెర మీద లేనిది నీటి మీద లేదనుకొనే అలవాటు పడకుండా చూడడం సరైన పనే.

ఇక నా పెద్ద ఫిర్యాదు పడవ సొంత దీపాల మీద. ముక్కు దగ్గరి రెండు రంగుల దీపం అద్దం ఎండకు, ఉప్పుకు మసకబారి ఉంది. పాంటూన్ మీద నడిచినప్పుడే ఆకుపచ్చ కాస్త నీలంగా కనబడింది. పాతకాలపు ఫిలమెంట్ బల్బు కోసం తయారైన రంగుటద్దం వెనుక చవకరకం తెల్ల ఎల్‌ఈడీ బల్బు పెడితే ఇలాగే అవుతుంది. ఎల్‌ఈడీ వెలుతురులో రంగుల పాళ్ళు వేరు, వెలుగు వచ్చే చోటూ వేరు. రంగూ మారుతుంది, ఎరుపు ఆకుపచ్చల మధ్య గీతా చెదిరిపోతుంది. దానితో పాటు, వెనుక దీపం స్విచ్చు వేయగానే రేడియోలో బరబర మొదలైంది. ఎల్‌ఈడీ దీపాలు వీహెచ్ఎఫ్ రేడియోకూ ఏఐఎస్‌కూ అడ్డు తగలవచ్చునని అమెరికా కోస్ట్ గార్డ్ 2018లోనే భద్రతా హెచ్చరిక జారీ చేసింది. దీపం వెలిగిస్తే రేడియో వినబడదు, రేడియో వినాలంటే దీపం ఆర్పాలి అన్న స్థితి రాత్రి శిక్షణ ఇచ్చే పడవలో ఉండకూడదు. శిక్షకులు వెంటనే లోపాల పుస్తకంలో రాశారు. ఆ పుట తిరగేస్తే అదే ఫిర్యాదు అంతకుముందు వేరొక చేతిరాతలో కూడా కనబడింది. బల్బులు కాక, నియమావళికి తగినట్లు ధ్రువీకరించిన ఎల్‌ఈడీ దీపపు బుడ్డినే మొత్తంగా కొని బిగించడం ఒక్కటే దీనికి మందు. దాని ఖరీదు కొందరు విద్యార్థుల రుసుముకు మించదు.

ఇది చాదస్తం కాదనడానికి ఈ నీళ్ళలోనే ఉదాహరణ ఉంది. 2006 ఆగస్టులో వైట్ ద్వీపానికి దక్షిణాన రాత్రివేళ ఊజో అనే చిన్న తెరచాప పడవ మునిగి, అందులోని ముగ్గురూ చనిపోయారు. ఆ రాత్రి దాపుగా వెళ్ళిన ఒక పెద్ద ప్రయాణికుల నౌక ఢీకొనడం వల్లనో, అది లేపిన అలల వల్లనో అలా జరిగి ఉండవచ్చునని బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు శాఖ 2007 నాటి నివేదికలో తేల్చింది. చిన్న పడవల దీపాలు నిజంగా ఎంత దూరం కనబడతాయి, రాడార్‌కు అవి ఏ మేరకు ఆనుతాయి, వెలుతురును బట్టి రంగు మారే కళ్ళద్దాలు పెట్టుకున్న కాపలా అధికారికి చీకట్లో చూపు ఎంత తగ్గుతుంది అన్న ప్రశ్నలన్నీ ఆ నివేదికలో చర్చకు వచ్చాయి. కళ్ళద్దాలు వాడే మనవారు ఆ చివరి సంగతి గుర్తుంచుకోవాలి. రాత్రి పడవకు మామూలు అద్దాలే తీసుకువెళ్ళడం మంచిది.

వసతుల గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. పడవలో పడకలు ఇరుకు, మరుగుదొడ్డి పంపు కాస్త మొండిది. లైఫ్‌జాకెట్లు, డెక్‌కు తగిలించుకొనే తాళ్ళు మంచి స్థితిలో ఉన్నాయి. చీకటి పడ్డాక తాడు తగిలించకుండా ఎవరినీ మెట్లు ఎక్కనివ్వలేదు. శాకాహారమని దరఖాస్తులో రాసినా వంట సామాను కొన్నవారు దాన్ని చదివినట్లు లేదు. ముందుజాగ్రత్తగా నేను తీసుకువెళ్ళిన పులిహోర చల్లారినా తినగలిగేది కావడంతో, అర్ధరాత్రి దాటాక అందరికీ అదే భోజనమైంది. ఒక్కో పడవకు ఐదుగురు విద్యార్థులు ఎక్కువే. చుక్కాని వంతు వచ్చేలోపు చలికి వేళ్ళు బిగుసుకుపోతాయి. నలుగురైతే ఒక్కొక్కరికీ ఒక బోయ్ నుంచి మరో బోయ్ దాకా పూర్తి దారి నడిపే అవకాశం దక్కేది.

ఇక్కడ నేర్చుకున్నది ఇక్కడికే పరిమితం కాదు. నౌకల దీపాలు విశాఖపట్నంలోనైనా, కాకినాడలోనైనా, సౌతాంప్టన్‌లోనైనా ఒకటే. బోయ్‌ల రంగుల విషయంలో ప్రపంచాన్ని ‘ఏ’, ‘బి’ అని రెండు ప్రాంతాలుగా విభజించారు; భారత్, బ్రిటన్ రెండూ ‘ఏ’ ప్రాంతంలోనే ఉన్నాయి. రేవులోకి వచ్చేటప్పుడు ఎరుపు ఎడమవైపు ఉంటుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు మాత్రం జాగ్రత్త పడాలి: ఆ దేశం ‘బి’ ప్రాంతం, అక్కడ ఎర్ర బోయ్ కుడివైపుకు వస్తుంది. పడవ మీది ఎరుపు ఆకుపచ్చలు అక్కడ కూడా మారవు కనుక ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోవడం సులువు. ఈత రాకపోయినా కోర్సులో చేరనిస్తారు. పగటి వేళ పడవ మీద కొన్ని రోజులైనా గడపనివారు మాత్రం ముందుగా ఆ పని చేసి రావడం మేలు, ఎందుకంటే తాళ్ళ పేర్లు తెలియనివారికి చీకట్లో రెండు పాఠాలు ఒకేసారి మీద పడతాయి.

డబ్బు కట్టే ముందు అడగవలసినవి: పడవకు ఎంతమంది విద్యార్థులు, పడవ దీపాలను కిందటిసారి ఎప్పుడు పరీక్షించారు, గది పాఠం తీసుకునేవారూ పడవ నడిపించేవారూ ఒకరేనా. మా విషయంలో ఇద్దరు వేరు. ఆ తేడాయే పై తీర్పుకు కారణం. తేదీ కూడా చూసుకోవాలి. జూన్ చివర్లో సౌతాంప్టన్‌లో సూర్యుడు అస్తమించేది రాత్రి తొమ్మిదీ ఇరవై ప్రాంతంలో. అసలైన చీకటి వచ్చేసరికి అర్ధరాత్రి కావస్తుంది, తెల్లవారుజామున నాలుగు కాకముందే వెలుతురు తిరిగి వస్తుంది. అదే రుసుముకు అక్టోబరు మధ్యలో సాయంత్రం ఏడున్నరకే చీకటి. వేసవి తేదీలను సంస్థ రాయితీ మీద అమ్ముతోంది. రాత్రి గంటల లెక్కన చూస్తే ఆ తేదీలే ఎక్కువ ఖరీదు.